ఎవరు పిలిస్తే వచ్చినావు

పోయిన వారం పదో తరగతిలో పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి నిలబడింది. "టీచర్, ఆ చిన్న దేశంలోకి ట్యాంకులు దూరి ఇన్నాళ్ళయింది కదా, పెద్ద దేశాలవాళ్ళు పోయి ఎందుకు ఆపడం లేదు?" అని అడిగింది. మాది విరుదునగర్‌లో ఆడపిల్లల బడి, పాఠాలన్నీ తమిళంలోనే. ఇలాంటి ప్రశ్నకు నా దగ్గర పుస్తకంలో జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒప్పందాలు, కూటములు, తీర్మానాలు. ఇరవై ఏళ్ళుగా అదే చెబుతున్నాను, పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ రోజు మాత్రం నోట్లోంచి వేరే మాట వచ్చింది. "ఆ దేశాలను నడిపేవాళ్ళకు ఇంతకు ముందు యుద్ధం జరిగినప్పుడు ఎన్నేళ్ళో ముందు కనుక్కో" అన్నాను. అంటూనే నా బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద లెక్క మొదలుపెట్టేసింది.

ఆ ప్రశ్న నాది కాదు. ఆ వేళ్ళ లెక్కా నాది కాదు. రెండూ పట్టాళం మామవి. ఆయన పోయి రెండు నెలలైంది. నేను చివరి చూపుకు వెళ్ళలేదు.

పట్టాళం అంటే మా వైపు సైన్యం. మా ఊరి నుంచి సైన్యంలో చేరినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు పెన్షన్ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. మా అమ్మకు దూరపు వరసలో అన్న అవుతాడు. మా అమ్మకు మాత్రం అందులో దూరమూ దగ్గరా లేవు, అన్న అంటే అన్నే. తూత్తుకుడి జిల్లాలో నాగలాపురం దాటి నల్లరేగడి పొలాల్లోకి పోతే వస్తుంది మా ఊరు. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు తప్ప రాయరు, చదవరు. నాకు ఈ అక్షరాలు తిరుపతిలో చదువుకున్న రెండేళ్ళలో పట్టుబడ్డాయి. అందుకే ఇది రాయగలుగుతున్నాను. బతికుండగా రాసినా మామ చదవగలిగేవాడు కాదు, ఆ ధైర్యమూ ఉంది.

ఆయన ఏ ఇంటికి వచ్చినా గడప అవతలే ఆగిపోయేవాడు. ఒకసారి రమ్మంటే వచ్చేవాడు కాదు. రెండోసారి కూడా లోపలికి రమ్మనాలి. అప్పుడు చెప్పులు విప్పి, వాటి ముక్కులు వీధివైపు ఉండేలా తిప్పి పెట్టి, లోపలికి వచ్చి గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. తలుపు కనబడే చోటే కూర్చునేవాడు. గోడ పక్కన ఎవరైనా ముందే కూర్చుని ఉంటే నిలబడే కాఫీ తాగి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళోవాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను, చిన్నప్పుడు కాదు, బాగా పెద్దయ్యాకే, కోపం ఉన్న రోజుల్లో.

పొలంలో పండిన గుండ్రటి ఎండుమిరపకాయలు అమ్మడానికి ఆయన విరుదునగర్ మండీకి వచ్చేవాడు. మా ఊరి నుంచి విరుదునగర్‌కు అరుప్పుకోట్టై మీదుగా బస్సులో తిన్నగా పోవచ్చు. ఆయన మాత్రం చుట్టు తిరిగి కోవిల్‌పట్టికి వచ్చి, అక్కడ రైలెక్కేవాడు. బస్సులో ఎక్కడ కూర్చున్నా వెనక ఎవరో ఒకరు ఉంటారట. రైలు పెట్టెలో చివరి సీటుకు గోడ ఉంటుంది. నేను కోవిల్‌పట్టిలో ఉంటూ రోజూ అదే రైల్లో బడికి పోతాను. అలా పదేళ్ళ కిందట ఒక ఉదయం, పెట్టె చివరి సీట్లో, ఒళ్ళో మిరపకాయల మూట పెట్టుకుని కూర్చున్న మామ నాకు ఎదురయ్యాడు. ఆ మూట ఘాటుకు చుట్టూ నలుగురు తుమ్ముతున్నారు, ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు.

చూడనట్టు పోదామనుకున్నాను. చిన్నప్పటి నుంచీ ఆయనతో నాకు మాటల్లేవు, ఎందుకో తర్వాత చెబుతాను. వేరే సీటు ఖాళీ లేదు. ఎదురుగా కూర్చుని జవాబు పత్రాల కట్ట విప్పి దిద్దడం మొదలుపెట్టాను. కొంతసేపు ఆయన ఎదుటి నుంచి ఆ పత్రాలను తలకిందులుగానే చదువుతూ కూర్చున్నాడు.

"ఏమి రాసుండాది పాపా, పైన?"

"యుద్ధానికి ఐదు కారణాలు రాయమని."

"ఐదేనా" అన్నాడు. మూట సర్దుకుని, "సరి, ఐదు మార్కులకు ఐదు చాలు" అన్నాడు.

నవ్వు వచ్చింది. నవ్వకూడదనుకున్నాను గానీ నవ్వేశాను. ఆ తర్వాత ఆయన వచ్చిన రోజుల్లో నేను ఎదుటి సీటే వెతుక్కున్నాను. కోపం అలాగే ఉంది, కానీ మాట వినాలనిపించేది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

స్టేషన్‌లో కొన్న తమిళ పేపరు ఆయన చేతిలో ఎప్పుడూ మడతపెట్టి ఉండేది. ప్రపంచంలో ఎక్కడ ఏ దేశం ఏ దేశం మీద పడినా ఆయనకు కావలసింది ఒకే సంగతి. ఆపడానికి పోవాలా వద్దా అని తేల్చే నాయకుడి ఫోటో మీద వేలు పెట్టి, "ఈయనకు ఎంత వయసు?" అనేవాడు. నేను ఫోన్‌లో చూసి చెప్పేదాన్ని. ఆయన వేళ్ళ కణుపులు లెక్కపెట్టేవాడు. "అట్లయితే ముందర సండ జరిగినప్పుడు ఇరవై. అది గెలిచిందా, ఓడిందా?" ఓడింది అంటే, "పోడు" అనేవాడు. గెలిచింది అంటే, "పోతాడు, చూడు" అనేవాడు. సండ అంటే గొడవ, యుద్ధం, ఏదైనా. మామకు చిన్న గొడవకూ పెద్ద యుద్ధానికీ వేరే మాటలు ఉండేవి కావు.

ఎం.ఏ. చరిత్ర చదివినదాన్ని, అంత తేలిగ్గా ఒప్పుకుంటానా. అది అంత సులువు కాదు మామా అని వాదించాను. ఆయన నా వాదన అంతా విని కిటికీలోంచి సాత్తూరు దగ్గరి దుక్కి చేలు చూపించాడు. మా వైపు వానాధారం. వాన రాకముందే, పురట్టాసి నెలలో, అంటే సెప్టెంబరు ఆఖరుకు, పొడి దుక్కిలోనే విత్తనం వేస్తారు. సమయానికి పడితే పంట, లేకపోతే చీమల పాలు.

"పోయినేడు ముందుగా విత్తి పోగొట్టుకున్నోడు ఈ ఏడు వాన పడేదాకా కాచుకుంటాడు. ఈ ఏడు వాన ముందుగా వస్తాది. కాచుకుని పోగొట్టుకున్నోడు వచ్చే ఏడు ముందుగా విత్తుతాడు. ఆ ఏడు వాన రాదు. ఒగడన్నా ఈ ఏడు మబ్బు చూస్తాడా? పోయినేడు చచ్చిన విత్తనం వచ్చి చెయ్యి పట్టుకుంటాది పాపా."

ఆ రోజు క్లాసులో నేను చెప్పవలసిన పాఠం కూడా అదే. ఒక కాలపు పెద్దలు, అంతకుముందు యుద్ధంలో పోయిన ప్రాణాలు తలుచుకుని, ఒక చిన్న దేశాన్ని కాగితం మీద సంతకం పెట్టి ఆక్రమించేవాడికి వదిలేశారు. అంతకంటే పెద్ద యుద్ధం వచ్చిపడింది. తర్వాతి కాలపు పెద్దలు ఆ సంతకాన్ని తలుచుకుని, ఇంకెప్పుడూ అలా వదలకూడదని, సంబంధం లేని అడవుల్లోకీ ఎడారుల్లోకీ సైన్యాలు పంపారు. అక్కడ ఓడి వచ్చారు. ఇప్పటివాళ్ళు ఆ అడవినీ ఎడారినీ తలుచుకుని ఇంట్లో కూర్చున్నారు. నేను ఈ మూడు సంగతులనూ మూడు వేరువేరు పాఠాల్లో చెబుతూ వచ్చాను. అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉన్నాయని మిరపకాయల మూటతో వచ్చిన మనిషి చెబితే తెలిసింది. కొంచెం సిగ్గేసింది కూడా.

ఆయన యుద్ధం లంకలో. సముద్రం దాటి శాంతి కాపాడడానికి మన దేశం పంపిన సైన్యంలో ఆయనా ఉన్నాడు. ఆయన దళంలో మిగతావాళ్ళంతా ఉత్తరాదివాళ్ళు. తమిళం తెలిసినవాడు ఆయనొక్కడు. అందుకని దారుల్లో తనిఖీ జరిగే చోట నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళను అడగమనేవాళ్ళట. మొదట్లో దండలు వేశారు, ముంజలు తెచ్చి పెట్టారు. కొన్నాళ్ళకు అంతా మారిపోయింది. ఎవరిని కాపాడడానికి పోయారో ఆ తమిళుల మీదే తుపాకులు ఎత్తారు, వాళ్ళూ వీళ్ళ మీద ఎత్తారు. ఒక ముసలామె ఉండేదట. తనిఖీ చోటికి ఎదురిల్లే. మొదట్లో ఈయనకు నీళ్ళిచ్చేది. ఆమె ఇంట్లో ఏం జరిగిందో, ఎవరు చేశారో మామ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఒకరోజు ఆమె వచ్చి ఈయన ముందర నిలబడి అడిగిన మాట మాత్రం చెప్పాడు.

"ఎవరు పిలిస్తే వచ్చినావు అయ్యా, అనె. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. నాకు తెలిసిన బాసలో అడిగె. మిగిలినోళ్ళకు అర్తమే కాలేదు. నాకొగనికే అర్తమాయె."

మద్రాసులో ఓడ దిగితే ఎదురు రావడానికి ఎవరూ లేరట. తమిళుల మీద తుపాకులెత్తి వచ్చారని ఇక్కడా కోపమే. "అక్కడ వాళ్ళకు చెడ్డోళ్ళం, ఇక్కడ వీళ్ళకు చెడ్డోళ్ళం. ఇంగ మనవాళ్ళను ఏ దేశానికన్నా పట్టాళం పంపమంటే పదిసార్లు ఆలోచన చేస్తారు చూడు" అన్నాడు. పెళ్ళి మాట ఎత్తితే లేచిపోయేవాడట. ఒంటరిగానే ఉండిపోయాడు.

నా కోపం సంగతి ఇక్కడే మొదలవుతుంది. మావాళ్ళలో తగాదా తీర్చాలంటే నల్ల కంబళి పరుస్తారు. ఊరి పెద్దమనిషి దాని మీద కూర్చుంటాడు, రెండు పక్షాలూ దాని ముందు నిలబడి చెప్పుకుంటాయి. కంబళి మీద చెప్పిన మాట దాటడానికి మావాళ్ళు ఇప్పటికీ జంకుతారు. మా ఊళ్ళో ఆ కంబళి పట్టాళం మామ తండ్రిది. ఆయన పోయాక ఈయనకు వచ్చింది. లంక నుంచి వచ్చిన కొత్తలోనే ఈయన ఒక నియమం పెట్టాడు. తగాదా పడ్డ ఇద్దరూ వచ్చి పిలిస్తేనే కంబళి పరుస్తాడు. ఒకరే పిలిస్తే గడప దాటడు. ఊరందరికీ అది న్యాయంగానే తోచింది. తండ్రి కంటే ఖచ్చితమైన మనిషి అన్నారు.

మా నాన్న పోయిన మూడో ఏడు, మా తూర్పు పొలంవాళ్ళు గట్టు దున్ని మా చేలోకి జరిగారు. జరిగింది ఎంతో కాదు. కానీ ఆ మూలనే మా చేనుకు దారి. అది పోతే మా చేలోకి నాగలి రాదు, బండి రాదు. మా ఇంటికి ఆ చేను తప్ప ఏమీ లేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని మామ ఇంటికి పరుగెత్తింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మామ గడప లోపల నిలబడ్డాడు, మేము బయట.

"అన్నా, ట్రాక్టరు దింపినారు. నువ్వు రా."

"వాళ్ళూ పిలిచినారా చెల్లీ?"

"వాళ్ళేంటికి పిలుస్తారు, దున్నేది వాళ్ళే కదా."

"ఇద్దరూ పిలిస్తేనే వస్తా" అన్నాడు మామ. వెనక గోడకు కంబళి మడతపెట్టి వేలాడుతోంది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆయన వీపు చూశాను. గోడకు ఆనించకుండా ఆయన వీపు చూడడం అదే మొదలు.

అమ్మ నన్ను ఇంటికి పొమ్మని, తను ఒక్కతే పోయి గట్టు మీద నిలబడింది. వాళ్ళు నలుగురు, ఒక ట్రాక్టరు. ఏమీ అనలేదట. చుట్టూ తిప్పి దున్నుకుంటూ పోయారట, ఆమె కాళ్ళ దగ్గర మాత్రం ఒక చేట పాటి మట్టి వదిలి. సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మ కాళ్ళు కడుక్కుని వంట చేసింది. రెండేళ్ళు మా చేలో సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవలేదు. తర్వాత అది తూర్పువాళ్ళకే రాసిచ్చి మేము కోవిల్‌పట్టి వచ్చేశాం. అమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు చట్రంలో పేర్చే పనికి కుదిరింది. నేను చదువుకున్నది ఆ వేళ్ళ మీదే. అందుకే మామను క్షమించలేదు. ఇప్పుడు క్షమించానా అంటే, ఆ మాట నాకు నప్పదు. ఆయన్ని మిస్సవుతున్నాను అంటారే, అది నిజం.

ఇదంతా రైల్లో ఆయనకు గుర్తుచేయాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకరోజు పేపర్లో కొత్త యుద్ధం. ఆయన ఫోటో మీద వేలు పెట్టబోతుంటే నేనే అడిగేశాను.

"మామా, మా అమ్మ వచ్చి పిలిచినప్పుడు మీకు ఎన్నేళ్ళు?"

ఆయన వేళ్ళు కణుపుల మీద మొదలయ్యాయి, మధ్యలో ఆగిపోయాయి. రైలు సాత్తూరులో ఆగి మళ్ళీ కదిలింది.

"వయసు కాదు పాపా. లంక నుంచి వచ్చి రెండేండ్లు" అన్నాడు.

అప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. మేము ఊరు వదిలాక, మా ఖాళీ ఇంటి ముందునుంచి పోయినప్పుడల్లా ఆయనకు నియమం మీద అనుమానం వచ్చేదట. కొన్నేళ్ళకు ఊళ్ళో అన్నదమ్ములు ఇద్దరికి చెడింది. అన్న తమ్ముడి వాకిలికి అడ్డంగా గోడ లేపుతున్నాడు. ఎవరూ పిలవలేదు. ఈయన మిట్ట మధ్యాహ్నం కంబళి చంకన పెట్టుకుని పోయి, తన చేత్తోనే వాళ్ళ వాకిట్లో పరిచాడు. మావాళ్ళలో ఎవరూ చేయని పని అది. కంబళి పరవాల్సింది పిలిచినవాళ్ళు.

"అన్న వచ్చి, ఎవరు పిలిస్తే వచ్చినావు, అనె. సరి, వాడంటాడు. నేను ఎవరికోసరం పోతినో ఆ తమ్ముడు వచ్చి, మా ఇంటి సంగతి మీకేంటికి మామా, అనె. ఇద్దరూ ఒగటిగా నిల్చిరి. కంబళి తీసి వీదిలో యేసిరి. ఆ ఒగ పొద్దు ఒగటిగా ఉండిరి. అప్పురం నా వల్ల అది వీదికెక్కె కదా, తమ్ముడు మానం పోయిందని పెండ్లాం బిడ్డలతో తూత్తుకుడి ఉప్పు మడులకు పోయె."

"ఎందుకు పోయారు మామా మీరు?"

"నీ అమ్మకు రాలేదు కదా. దానికోసరం అక్కడికి పోతిని."

ముసలామె మాటకు భయపడి మా అమ్మ దగ్గరికి రాలేదు. మా అమ్మ ముఖం చూడలేక అన్నదమ్ముల మధ్యకు పోయాడు. పేపర్లో నాయకుల మీద పెట్టిన వేలు ఇన్నాళ్ళూ ఆయన తన మీదే పెట్టుకుంటున్నాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ పిలవలేదు. కంబళికి పని లేదు. తగాదాలు పోలీసు స్టేషన్‌కు పోవడం మొదలైంది. ఆయన ఊళ్ళో ఉంటూనే ఊరికి లేకుండా పోయాడు. రైల్లో నేను తప్ప ఆయనతో ఎవరూ పది మాటలు మాట్లాడేవాళ్ళు కాదని చివరికి గానీ నాకు తట్టలేదు.

ఒక ఆదివారం ఆయన కోవిల్‌పట్టిలో మా ఇంటికి వచ్చాడు. నేను రమ్మన్నాను, అమ్మకు చెప్పలేదు. గడప అవతల నిలబడ్డాడు. అమ్మ చూసింది. ముఖంలో ఏమీ లేదు. "రా అన్నా" అంది. ఆయన కదల్లేదు. అమ్మ వంటింట్లోకి పోయి నీళ్ళ చెంబుతో తిరిగివచ్చి, "లోపలికి రా, ఎండ" అంది. చెప్పులు వీధివైపు తిప్పి పెట్టి, వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిరపకాయల మూట ముందు పెట్టాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన తాగలేదు.

"ఆ పొద్దు నువ్వు పిలిచినప్పుడు నేను వచ్చి ఉండాల చెల్లీ."

"వచ్చి ఏమి చేసి ఉందువు?"

"ట్రాక్టరుకు అడ్డం పడి, వాళ్ళను పట్టి..."

"రెండు తలలు పగిలుండును. ఒగటి నీది" అంది అమ్మ.

"అట్లయితే ఏంటికి పిలిచినావు?"

"సండ పెట్టమని ఎవరు పిలిచిరి? కంబళి ఎవరు అడిగిరి? రా అంటిని, అంతే. వాళ్ళు నలుగురు, నేను ఒగదాన్ని. పక్కన ఇంగొక మనిషి నిలబడి చూస్తా ఉంటే చాలు అనుకుంటిని."

మామ తలుపు వైపు చూశాడు. "సుమ్మా నిలబడేదానికా?" అన్నాడు.

"సుమ్మా నిలబడేదానికే."

ఊరికే నిలబడడానికి. ఆయన దగ్గర ఉన్నవి రెండే దారులు, తుపాకీతో పోవడం, పోకుండా తలుపేసుకోవడం. మూడోది అడగడానికి వచ్చిన మనిషి మాట ఆయన వినలేదు. నేనూ వినలేదు. ముప్ఫై ఏళ్ళు అమ్మ పక్కనే బతుకుతూ, ఆయన యుద్ధం చేయలేదనే కదా కోపం పెట్టుకున్నాను. "అది నాకు తోచలేదు" అన్నాడు మామ, తనకే చెప్పుకుంటున్నట్టు. అమ్మ ఊరడించలేదు. ఆమె తత్వం కాదు. "చల్లారింది, ఇటియ్యి, కాచి తెస్తా" అని గ్లాసు తీసుకుని పోయింది.

ఆ తర్వాత కూడా ఆయన వయసులు అడగడం మానలేదు. పాత అలవాటు అంత తేలిగ్గా పోతుందా. చివరిసారి రైల్లో కనబడినప్పుడు పేపరు విప్పి నాకు ఒక ఫోటో చూపించాడు. ఆక్రమణలో ఉన్న దేశానికి వేరే దేశపు పెద్ద ఒకాయన సైన్యాన్ని పంపనంటూనే, తను రైలెక్కి పోయి, అక్కడి నాయకుడి పక్కన వీధిలో నిలబడ్డాడట.

"చూస్తివా. మీ అమ్మ చెప్పినట్ల నిలబడుండాడు" అన్నాడు మామ. కళ్ళు మెరిశాయి. కాసేపటికి పేపరు మడిచేశాడు. "ట్రాక్టరు నిలిచిందా లేదా, అది రాయలేదు" అన్నాడు.

విరుదునగర్‌లో దిగి, మూట భుజానికెత్తుకుని, వెనక ఎవరున్నారో ఒకసారి చూసుకుని మండీవైపు పోయాడు. అంతే, మళ్ళీ కనబడలేదు. రెండు మూడు నెలలు చివరి సీటు చూసుకుంటూ పోయాను. ఊరికి పోయి చూద్దామని తోచింది. తోచడం దగ్గరే ఆగిపోయాను.

ఆయన పోయిన వార్త చుట్టాల ఫోన్ గుంపులో వచ్చింది. బడిలో మధ్యాహ్నం గంట కొట్టే వేళకు చూశాను. ఆయన అన్న కొడుకు ఒకడు వచ్చి కొరివి పెడతాడని, సాయంత్రంలోపు ఎత్తేస్తారని రాశారు. నాకంటూ ఎవరూ ఫోన్ చేయలేదు. పోవడానికి నేనెవరిని, ఎవరు పిలిచారని పోవాలి అనుకున్నాను. సెలవు కూడా లేదు. ఏడో పీరియడ్ పాఠం చెప్పాను, బాగానే చెప్పాను. ఆయన నియమాన్నే ఆయన శవం మీద పెడుతున్నానని రైలెక్కాక, ఆ చివరి సీట్లో ఎవరో తెలియని మనిషి నిద్రపోతుంటే చూశాక తెలిసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. అప్పటికి ఎత్తేసి ఉంటారు.

ఇంటికి వస్తే తాళం వేసి ఉంది. పక్కింటామె తాళంచెవి ఇచ్చి, అమ్మ పొద్దున పదింటికే నాగలాపురం బస్సు ఎక్కిందని చెప్పింది. అమ్మకు ఫోన్ లేదు. ఎవరి నోటనో విని ఉంటుంది. మోకాళ్ళ నొప్పితో మేడ మెట్లు కూడా ఎక్కని మనిషి.

దీపాలు పెట్టే వేళకు వచ్చింది. చావింటి నుంచి వచ్చింది కాబట్టి లోపలికి రాకుండా వెనక వాకిట్లో రాతి మీద కూర్చుంది. నేను బకెట్టు నింపి తెచ్చాను. ఆమె పాదాల నిండా నల్లరేగడి దుమ్ము.

"ఎవరు పిలిచినారమ్మా నిన్ను?"

"ఎవరూ పిలవలే."

"ఎంతమంది వచ్చినారు?"

"మోసేదానికి నలుగురు. అప్పురం నేను."

చెంబు నా చేతిలోనే ఉంది. "అంతసేపు అక్కడ ఏమి చేస్తివమ్మా?" అన్నాను.

"ఏమి చేస్తారు. పాడె వీది మలుపు తిరిగేదాకా నిలబడినా" అంది అమ్మ. "నీళ్ళు పొయ్యి, చలేస్తాది."